గుబాళించే గులాబీని మనమే పుట్టించాలంటే

పోయిన సంచికలో గులాబీలకి చేత్తో పుప్పొడి అద్ది కొత్త రకాలు పుట్టించడం గురించి రాశాం కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రంగు గురించో పువ్వు సైజు గురించో కాదు, వాసన గురించే. చూసి చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం సువాసనకే ఇచ్చేశాం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నా దగ్గర ముదురు ఎరుపు గులాబీ ఒకటి, లేత గులాబీరంగుది ఒకటి ఉన్నాయి. రెండూ బాగా గుబాళిస్తాయి. రెండింటినీ కలిపి, విత్తనాలు తీసి, మొలిపించి, పువ్వులు కూడా చూశానండీ. పదకొండు మొక్కలు వచ్చాయి, ఒక్కదానికీ చెప్పుకోదగ్గ వాసన లేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీరు తప్పేమీ చేయలేదు. పదకొండు మొక్కలు తక్కువ, అంతే.

గులాబీ వాసనలో వందల రకాల పదార్థాలు ఉంటాయి. వాటిలో మన ముక్కుకి "ఇది గులాబీ" అని చెప్పేవి కొన్నే. జెరానియోల్, సిట్రొనెల్లోల్, ఫినైల్ ఇథనాల్ లాంటివి ఎక్కువ మోతాదులో ఉంటాయి, రోజ్ ఆక్సైడ్, డమాసినోన్ లాంటివి లేశమాత్రం ఉన్నా ముక్కుని పట్టేస్తాయి. వీటిని మొక్క వేర్వేరు దారుల్లో తయారుచేసుకుంటుంది, ఒక్కో దారిలో ఎన్నో ఎంజైములు, ఒక్క ఎంజైమ్ పని మానేసినా ఆ దారిలో రావాల్సిన పదార్థం రాదు. పైగా మన తోటల్లో ఉండే హైబ్రిడ్ టీ అనే ఆధునిక రకం గులాబీల్లో చాలావాటికి 28 క్రోమోజోములు, అంటే ఏడేసి చొప్పున నాలుగు సెట్లు. ప్రతి జీన్‌కీ నాలుగు ప్రతులు ఉంటాయి, పిల్లమొక్కకి తల్లి నుంచి రెండు, తండ్రి నుంచి రెండు వస్తాయి. ఏ రెండు వస్తాయో మన చేతిలో లేదు. తల్లికి బాగా పనిచేసే ప్రతి ఒక్కటే ఉండి, పిల్లకి మిగతావి వెళ్ళాయనుకోండి, ఆ పిల్లకి వాసన తగ్గిపోతుంది.

ఈ విషయంలో 2015లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒక మంచి పని చేశారు. ఘాటుగా వాసనొచ్చే పాపా మెయిలాండ్‌నీ, వాసన లేని రూజ్ మెయిలాండ్‌నీ పక్కపక్కన పెట్టి, వాటి రేకుల్లో ఏ జీన్లు పనిచేస్తున్నాయో పోల్చి చూశారు. NUDX1 అనే జీన్, దాన్ని తెలుగులో నడ్‌ఎక్స్ వన్ అనుకుందాం, వాసనున్న దాంట్లో చాలా ఎక్కువగా పనిచేస్తోంది, వాసన లేని దాంట్లో దాదాపు నిద్రపోతోంది. జెరానియోల్ తయారవడానికి అది కీలకమని తేలింది. అప్పటిదాకా మిగతా మొక్కల్లో లాగే గులాబీలో కూడా వేరే రకం ఎంజైములే ఈ పని చేస్తాయని అందరూ అనుకునేవారు. అంటే ఇంత పేరున్న వాసన ఎలా పుడుతుందో మనకి తెలిసి పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. ఇక మీ పదకొండు మొక్కలు మిమ్మల్ని ఆశ్చర్యపరిస్తే అందులో వింతేముంది?

అయితే జంటని మార్చేయమని మాత్రం చెప్పను. కొన్ని జంటలకి వాసన బాగా దిగుతుంది. క్రిస్లర్ ఇంపీరియల్‌నీ చార్లెస్ మాలరిన్‌నీ కలిపితే పుట్టినవే మిస్టర్ లింకన్, ఓక్లహోమా, పాపా మెయిలాండ్. మూడూ ముదురు ఎరుపే, మూడూ వాసనకి పేరున్నవే, 1963, 64ల్లో విడుదలయ్యాయి, అదీ ఒకరి తోటలో కాదు, మొదటి రెండూ అమెరికాలో, మూడోది ఫ్రాన్స్‌లో. జంట సరైనదైతే ఎవరు కలిపినా ఫలితం ఉంటుందన్నమాట. కానీ ఆ మూడింటి వెనక పక్కన పడేసిన మొలకలు ఎన్నో ఉంటాయి. పెద్ద సంస్థలు ఏటా వేలల్లో, లక్షల్లో మొలకలు పెంచి చివరికి ఏ కొన్నిటినో బయటికి తెస్తాయి. ఇంట్లో మనకి అంత చోటు ఉండదు, నిజమే, కానీ ఒక జంట నుంచి కనీసం యాభై అరవై మొలకలు చూడకుండా ఆ జంట మీద తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఆ పదకొండింటినీ పీకేయలేదు కదా? మొలక వేసే మొదటి పువ్వు చిన్నగా, నాలుగు రేకులతో, పేలవంగా ఉంటుంది. వాసన అసలు సత్తా రెండో మూడో పూతకి గానీ తెలియదు.

ప్రశ్న: ఈ కాలపు గులాబీలకి వాసన ఎందుకు ఉండటం లేదు? కావాలనే తీసేస్తున్నారా?

జవాబు: కావాలని ఎవరూ తీయలేదండీ, పట్టించుకోలేదు. అది కూడా తీసేయడం లాంటిదే అనుకోండి. పువ్వుల వ్యాపారానికి కావలసినవి పొడుగాటి కాడ, పెట్టెల్లో రోజుల తరబడి ప్రయాణించినా నలగని దళసరి రేకు, కుండీలో ఎక్కువ రోజులు నిలవడం. తరం తర్వాత తరం వాటినే చూసి ఎంచుకుంటూ పోతే, ఎవరూ అడగని వాసన మెల్లగా జారిపోతుంది. వాసన ఎక్కువున్న పువ్వులు త్వరగా రాలతాయన్నది చాలాసార్లు కనిపించే సంగతే, అయినా అది తప్పనిసరి నియమం కాదు. రెండూ ఉన్న రకాలూ ఉన్నాయి.

పసుపు కథ వేరు. 1900లో పెర్నె దుషే అనే ఫ్రెంచి ఆయన సోలే దోర్ అనే రకాన్ని తెచ్చాడు, ఆధునిక గులాబీలకి ముదురు పసుపు, నారింజ రంగులు ఆ దారినే వచ్చాయి. ఆ రంగు ఇచ్చింది పర్షియన్ ఎల్లో, అంటే రోజా ఫొటిడా జాతి. దాని పువ్వు వాసన చాలామందికి నచ్చదు, దాని ఆకులకి నల్లమచ్చ తెగులు తొందరగా వస్తుంది. మంచి రంగుతో పాటు ఆ రెండు ఇబ్బందులూ చాలా తరాల దాకా వెంట వచ్చాయి.

వాసనంతా పోయిందనడం మాత్రం ఒప్పుకోను. డబుల్ డిలైట్ వచ్చింది 1977లో, గెర్ట్రూడ్ జెకిల్ వచ్చింది 1986లో. ఈ రెండింటి దగ్గర నిలబడి ఒక్కసారి పీల్చినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, బోటనీ. పుస్తకంలో ఉన్నదంతా తెలుసు, చేతికి మాత్రం రావడం లేదు. ఎమాస్క్యులేషన్, అంటే పువ్వులోంచి పుప్పొడి తిత్తులు తీసేయడం, చేస్తే రెండు రోజుల్లో పువ్వు ఎండిపోతోంది. అసలు ఎలా చేయాలో దగ్గరుండి చూపిస్తున్నట్టు చెప్పగలరా?

జవాబు: చెప్తాను. ముందు మొగ్గ ఎంపిక, చాలామంది పొరబడేది ఇక్కడే. బాగా విచ్చిన పువ్వు పనికిరాదు, అప్పటికే దాని పుప్పొడి దాని మీదే పడి ఉంటుంది. గట్టిగా మూసుకున్న పచ్చి మొగ్గా పనికిరాదు. పచ్చటి రక్షక పత్రాలు వెనక్కి వంగి, రంగు పూర్తిగా కనిపిస్తూ, పై రేకు ఒకటి వదులవుతున్న మొగ్గ కావాలి. "రేపు పొద్దున్న విచ్చుకుంటుంది" అనిపించే మొగ్గ అన్నమాట. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పని మొదలుపెట్టండి.

రేకుల్ని ఒక్కొక్కటిగా అడుగు దాకా పట్టుకుని, పక్కకి తిప్పుతూ లాగండి. పైకి లాగితే రేకు మొదలు దగ్గర చిన్న ముక్క ఉండిపోతుంది, అది కుళ్ళి బూజు పట్టి కాయని పాడుచేస్తుంది. మీ పువ్వులు ఎండిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇంకో కారణం, రేకులు తీసేటప్పుడు కింద ఉన్న పచ్చటి గిన్నె లాంటి భాగం చీరుకుపోవడం. కాయ అయ్యేది అదే, దానికి గోరు కూడా తగలకూడదు.

రేకులన్నీ పోయాక లోపల చుట్టూ వలయంలా కేసరాలు, నడుమ కీలాల (ఆడ భాగాల) గుత్తి కనిపిస్తాయి. కేసరం చివర ఉన్న పుప్పొడి తిత్తి అప్పటికి లేతపసుపుగా, నున్నగా, తడిగా ఉండాలి. అది పగిలి పొడి రాలుతోందంటే ఆలస్యమైంది, ఆ పువ్వుని వదిలేయండి. సన్నటి ట్వీజర్‌తోనో చిన్న కత్తెరతోనో తిత్తులన్నీ తీసేయండి. ఒక్కటి కూడా మిగలకూడదు, కీలాల గుత్తి పక్కన ఒదిగి ఒకటి రెండు తప్పకుండా దాక్కుంటాయి, భూతద్దంతో చూడండి. తీసిన తిత్తుల్ని పారేయకండి, ఒక పొడి గిన్నెలో కాగితం మీద పరిచి నీడలో ఉంచితే ఒక రోజులో పగిలి పసుపు పొడి ఇస్తాయి. ఈ మొక్క ఇక్కడ తల్లిగా ఉంటూనే, ఇదే పుప్పొడితో ఇంకో మొక్కకి తండ్రి కూడా అవుతుంది.

తిత్తులు తీసిన పువ్వుకి పలచటి కాగితం సంచి తొడిగి వదులుగా కట్టండి. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ పట్టి ఉడికిపోతుంది. మర్నాడు సంచి తీసి కీలాగ్రాల్ని, అంటే కీలాల కొసల్ని, చూడండి, వెలుతురులో చిన్న తడి మెరుపు కనిపిస్తుంది, వేలితో తాకితే కాస్త జిగటగా ఉంటుంది. అదే సరైన సమయం. తండ్రి పుప్పొడిని మెత్తటి బ్రష్‌తోనో శుభ్రంగా కడిగి ఆరిన వేలితోనో అన్ని కీలాగ్రాలకీ అంటేలా అద్దండి. కీలాగ్రాలు పసుపు పూసుకున్నట్టు కనిపించాలి. మళ్ళీ సంచి. వీలైతే మర్నాడు ఇంకోసారి అద్దండి, విత్తనాలు పెరుగుతాయి. వారం తర్వాత సంచి తీసేయొచ్చు.

బ్రష్‌ని ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే తండ్రి ఎవరో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇక లేబుల్. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఎండకీ వానకీ చెరిగిపోతుంది. పీస్ గులాబీకి ఆ పేరు రాకముందు దాన్ని పుట్టించిన ఫ్రాన్సిస్ మెయిలాండ్ తోటలో ఉన్న గుర్తు 3-35-40. మధ్యలో ఉన్న 35 ఆ సంకరం చేసిన 1935వ సంవత్సరం. పీస్ అన్న పేరుతో అది అమెరికాలో విడుదలైంది 1945లో, అంటే పదేళ్ళ తర్వాత. అన్నాళ్ళు ఒక మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే గుర్తు ఉండి తీరాలి.

ప్రశ్న: పుప్పొడి అద్దాక కాయ పట్టినట్టే కనిపిస్తుంది. రెండు మూడు వారాలకి పచ్చగా ఉండగానే రాలిపోతుంది. ఎరువు వేయాలా?

జవాబు: ఎరువు కాదండీ, నత్రజని ఎక్కువ వేస్తే మొక్క ఆకులు, కొత్త చిగుళ్ళ మీద పడుతుంది, కాయని పట్టించుకోదు. ముందు తల్లి మొక్క సంగతి చూడండి. కొన్ని రకాలు ఎంత పూసినా కాయ కట్టవు. వాటిలో కొన్నిటికి క్రోమోజోములు మూడు సెట్లే ఉంటాయి, 21, వాటి పుప్పొడీ అండాలూ సరిగ్గా ఏర్పడవు. పూర్తిగా గొడ్డు కావు, నూటికి ఒకటో రెండో కాయలు నిలవచ్చు, కానీ మొదలుపెట్టేవాళ్ళకి అవి వద్దు. మీ తోటలో పూలు కోయకుండా వదిలేస్తే తనంతట తనే కాయలు కట్టే మొక్క ఏదో గమనించండి, అదే తల్లి. వాసనున్నది కాయ కట్టకపోతే దాన్ని తండ్రిగా వాడండి, వాసన ఏ వైపు నుంచైనా వస్తుంది.

మండే ఎండల్లో చేసినా కాయలు రాలతాయి, పుప్పొడి కూడా త్వరగా చచ్చిపోతుంది. వాతావరణం చల్లగా, హాయిగా ఉన్న నెలల్లో, మొక్క బలమైన మొదటి పూత వేసినప్పుడు పెట్టుకోండి. కాయ పండటానికి నాలుగు నెలలు పడుతుంది, ఆ నాలుగు నెలలూ మొక్కకి నీటి ఇబ్బంది రాకూడదు. తండ్రి పువ్వు ముందే పూసేసిందా, పొడిని బాగా ఆరబెట్టి, చిన్న సీసాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాలు పనికొస్తుంది.

ప్రశ్న: మిస్టర్ లింకన్ మొక్కకి దానంతట అదే కాయ వచ్చింది. ఆ విత్తనం వేస్తే మిస్టర్ లింకనే వస్తుందా?

జవాబు: రాదు. ఏ గులాబీ విత్తనమైనా కొత్త మొక్కనే ఇస్తుంది. అదే రకం కావాలంటే అంటు కట్టాలి, లేదా కొమ్మ నాటాలి. ఆ విత్తనాలు మాత్రం పారేయకండి, తల్లి సువాసన గలది కాబట్టి వేసి చూడటం నష్టం కాదు.

ప్రశ్న: నలభై విత్తనాలు కుండీలో వేశాం, మూడు నెలలైనా ఒక్క మొలక లేదు.

జవాబు: చలి చూపించలేదు కదూ? గులాబీ విత్తనానికి గట్టి పెంకు, లోపల నిద్ర. ఒక చలికాలం దాటానని నమ్మితే తప్ప లేవదు. కాయ నారింజకో ఎరుపుకో తిరిగాక కోసి, చీల్చి, విత్తనాలకి పట్టుకున్న గుజ్జు, నూగు పూర్తిగా కడిగేయండి. ఆ నూగు చర్మానికి దురద పెడుతుంది, చేతులకి తొడుగులు వేసుకోండి. తర్వాత తడి టిష్యూ పేపర్‌లోనో, పిండితే నీళ్ళు కారనంత తడి ఉన్న కోకోపీట్‌లోనో పెట్టి, జిప్ కవర్‌లో వేసి, ఫ్రిజ్ కింది అరలో ఆరు నుంచి పన్నెండు వారాలు ఉంచండి. నాలుగైదు డిగ్రీల చలి చాలు, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. వారానికోసారి తెరిచి చూడండి, బూజు పట్టినవాటిని కడిగి, పేపర్ మార్చండి. కొన్ని ఫ్రిజ్‌లోనే వేరు పెడతాయి, వాటిని వెంటనే సెంటీమీటరు లోతులో నాటేయండి.

అన్నీ సరిగ్గా చేసినా సగం కూడా మొలవకపోవడం మామూలే. కొన్ని రెండో ఏడాది మొలుస్తాయి, ఆ కుండీ మట్టిని ఒక సంవత్సరం దాకా పారేయొద్దు. మొలకలు నేల దగ్గర మెత్తబడి పడిపోతుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి, గాలి తక్కువైంది.

ప్రశ్న: పాతకాలపు డమాస్క్ గులాబీ వాసనంటే నాకు పిచ్చి. కానీ ఆ మొక్క ఏడాదికి ఒకసారే పూస్తుంది. దాన్ని ఏడాది పొడుగునా పూసే ఆధునిక గులాబీతో కలిపితే రెండూ వస్తాయా?

జవాబు: వస్తాయి, కానీ మొదటి తరంలో రావు. ఇది తెలియకే చాలామంది ఆశ వదిలేసుకుంటారు.

మళ్ళీ మళ్ళీ పూసే గుణం అణిగి ఉండే గుణం. పూత ఆపే జీన్ ఒకటుంది, అది పాడైతేనే గులాబీ ఆగకుండా పూస్తుంది. అలా పాడైన ప్రతులు చైనా గులాబీల నుంచి వచ్చాయి, 18వ శతాబ్దం చివర యూరప్‌కి చేరాయి. ఒకసారే పూసే మొక్కలో ఆ జీన్ ఇంకా బాగా పనిచేస్తూ ఉంటుంది, కాబట్టి దాన్ని కలిపితే మొదటి తరం పిల్లలు దాదాపు అన్నీ ఒకసారే పూస్తాయి, అదీ రెండో మూడో ఏట గానీ పూయవు. ఆ పిల్లల్లో మంచి వాసనున్నదాన్ని ఎంచి, మళ్ళీ ఆధునిక గులాబీతో కలిపితే అప్పుడు కొన్ని మళ్ళీ మళ్ళీ పూసేవి కనిపిస్తాయి. మొలకెత్తిన రెండు మూడు నెలల్లోనే మొగ్గ వేసిందంటే అది ఆ కోవలోదే, చూడగానే తెలిసిపోతుంది.

కొత్త గులాబీలు పుట్టించిన ఇంగ్లండ్ ఆయన డేవిడ్ ఆస్టిన్ నడిచింది ఈ దారిలోనే. 1961లో విడుదలైన ఆయన మొదటి పేరున్న గులాబీ కాన్స్టన్స్ స్ప్రై, పాత గాలికా జాతి బెల్ ఇసిస్‌కీ ఆధునిక ఫ్లోరిబండా (గుత్తులుగా పూసే రకం) డెయింటీ మెయిడ్‌కీ పుట్టింది. పువ్వు అద్భుతం, వాసన అద్భుతం, ఏడాదికి ఒకసారే పూత. మళ్ళీ మళ్ళీ పూసే పిల్లలు కావాలని దాన్ని తిరిగి ఆధునిక రకాలతో కలుపుతూ పోయాడు. ఇందాక చెప్పిన గెర్ట్రూడ్ జెకిల్ ఆయన పుట్టించిందే, తండ్రి కోమ్ట్ ద షాంబోర్ అనే పాత పోర్ట్‌లాండ్ గులాబీ. పోర్ట్‌లాండ్ రకాలు డమాస్క్ వాసన ఉంటూ మళ్ళీ పూసేవి, అందుకే మీలాంటివాళ్ళకి నేను చెప్పే దగ్గర దారి అదే, డమాస్క్ బదులు పోర్ట్‌లాండ్ నుంచి మొదలుపెట్టండి, ఒక తరం కలిసొస్తుంది. ఇంకో మంచి మాట, డమాస్క్‌కి కూడా 28 క్రోమోజోములే, హైబ్రిడ్ టీలతో లెక్క కుదురుతుంది. మస్క్ గులాబీ, పాత చైనా గులాబీలు 14వి, వాటిని 28తో కలిపితే 21వి పుడతాయి, పైన చెప్పిన కాయ రాలే తలనొప్పి మొదలవుతుంది.

ప్రశ్న: నేను బాగుందన్న పువ్వు మా ఆయనకి వాసనే రావడం లేదంటారు. ఆయన ముక్కుకి ఏమైనా సమస్యా? అసలు వాసనని ఎలా బేరీజు వేయాలి?

జవాబు: ఇద్దరూ కరెక్టే అయి ఉండొచ్చు. కొన్ని గులాబీల్లో వయొలెట్ పువ్వు లాంటి తీపి వాసన ఉంటుంది, దానికి కారణం అయొనోన్ అనే పదార్థం. దాన్ని పసిగట్టే శక్తి మనిషి మనిషికీ చాలా తేడా, ముక్కులోని ఒకే ఒక్క గ్రాహక జీన్ దాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అది కొందరికి పూల వాసనగా, కొందరికి పుల్లటి ఘాటుగా అనిపిస్తుంది, కొందరికి అసలు తెలియదు. అందుకే ఒక మొలకని ఉంచాలా తీసేయాలా అన్నది ఒక్క ముక్కుతో తేల్చకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని, పిల్లల్ని కూడా పిలిచి చూపించండి, మీరు ఏమనుకున్నారో ముందు చెప్పకుండా.

సమయం ముఖ్యం. పొద్దున్న మంచు ఆరాక, గాలి కదలకుండా, కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, పువ్వు సగం విచ్చి ఉండగా చూడాలి. మధ్యాహ్నం ఎండకి వాసన ఎగిరిపోయి ఉంటుంది, బాగా చలి రోజున రేకు నుంచి బయటికే రాదు. పూర్తిగా విచ్చిన పువ్వు అప్పటికే చాలావరకు ఇచ్చేసి ఉంటుంది. ఒకే పూట పది పూలు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది, నాలుగైదు చూసి కాసేపు వదిలేయండి. అప్పుడు తిరిగి వెళ్ళి మొదటి పువ్వు దగ్గర మళ్ళీ మొదలుపెడితే మీ మొదటి మార్కు నిజమో కాదో తెలుస్తుంది.

పువ్వు దగ్గర రెండుసార్లు ఆగాలి. మొదట చెయ్యి చాపినంత దూరంలో, వాసన గాల్లోకి వస్తోందా లేదా అని. తర్వాత ముక్కు రేకుల్లో పెట్టి. కొన్ని పువ్వులకి వాసన రేకుల్లో ఉంటుంది, దగ్గరికెళ్తే తప్ప తెలియదు. మస్క్ జాతి వాటికి కేసరాల నుంచి వస్తుంది, తోటంతా పాకుతుంది. రెండూ విలువైనవే, కానీ రెండూ ఒకటి కాదు, పుస్తకంలో విడివిడిగా రాయండి. రాసేటప్పుడు "బాగుంది, బాలేదు" అని ఆపకండి. నిమ్మతొక్కా, లవంగమా, యాపిలా, తేనా, తాజా టీ ఆకా? ఈ చివరిది చైనా గులాబీల నుంచి హైబ్రిడ్ టీలకి వచ్చిన వాసన, గులాబీ అని గుర్తుపట్టనివాళ్ళూ ఉన్నారు, అలవాటైతే వదలరు. మిర్ అని పిలిచే సోంపు లాంటి వాసన ఉంది, కాన్స్టన్స్ స్ప్రైది అదే, కొందరికి ప్రాణం, కొందరికి మందు వాసన. మూడు నాలుగు పూతల్లో, వేర్వేరు కాలాల్లో రాసుకున్న మాటలు ఒకచోట చూస్తే, ఆ మొక్క సువాసన నిలకడగా ఉందో లేదో మీకే అర్థమవుతుంది. నిలకడ ఉన్నదాన్నే ఉంచండి.

నేనైతే ఎంపికలో ముక్కునే ముందు పెడతాను. రంగు, ఆకారం చూశాక వాసన చూస్తే కన్ను ఇప్పటికే ఒప్పేసుకుని ఉంటుంది, అందమైన పువ్వు వాసన లేకపోయినా వదలబుద్ధి కాదు. ఇన్ని తరాలుగా జరిగింది అదే కదా. మీరు ఇంట్లో చేసుకుంటున్నారు, మిమ్మల్ని పొడుగు కాడ కావాలని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: ఒక మొలక వచ్చింది, వాసన చెప్పలేనంత బాగుంది. కానీ ఆకులు ఏడాదంతా నల్లమచ్చలతో రాలిపోతున్నాయి, పువ్వు తల వాల్చేస్తోంది. పీకేయమంటున్నారు అందరూ. మనసొప్పడం లేదు.

జవాబు: పీకకండి! తోటలో పెంచే రకంగా దాన్ని ఎవరికీ ఇవ్వలేరు, అది వాస్తవం. కానీ తండ్రిగా దాని విలువ వేరు. 1935లో జర్మనీ గులాబీ సంస్థ కోర్డెస్ విడుదల చేసిన క్రిమ్సన్ గ్లోరీని చూడండి. దానికి తెగుళ్ళు ఎక్కువ, పువ్వు మెడ బలహీనం. వాసన మాత్రం అసాధారణం. షార్లెట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి తండ్రి అదే, షార్లెట్ ఆర్మ్‌స్ట్రాంగ్ క్రిస్లర్ ఇంపీరియల్‌కి తల్లి వైపూ ఉంది, తండ్రి వైపూ ఉంది, ఇక క్రిస్లర్ ఇంపీరియల్ నుంచి మిస్టర్ లింకన్ మొదలైనవి. తెగుళ్ళు చూసి ఆ మొక్కని ఎవరైనా మొదట్లోనే పీకేసి ఉంటే ఈ వరసంతా ఉండేది కాదు.

మీరు చేయాల్సింది ఇది. ఆకు ఆరోగ్యంగా ఉండి, బలమైన కాడ ఉండి, కాస్తైనా వాసనున్న మొక్కని తల్లిగా పెట్టుకుని దీని పుప్పొడి అద్దండి. వాసన అసలే లేని ఆరోగ్యవంతమైన మొక్కతో కలిపితే వాసన మళ్ళీ తెచ్చుకోవడానికి ఇంకో తరం పడుతుంది, అందుకే కాస్తైనా అన్నాను. పుట్టిన పిల్లలకి మందు కొట్టకండి. కొడితే ఏది నిజంగా గట్టిదో తెలియదు. కోర్డెస్ వాళ్ళు 1990ల నుంచి తమ పరీక్షా పొలాల్లో తెగుళ్ళ మందు కొట్టడం మానేసి, నిలబడిన వాటినే ఎంచుతున్నారు. మొదటి ఏడాది ఆకులు రాలిన వాటిని, వాసన లేకపోతే నిర్దాక్షిణ్యంగా తీసేయండి. ఆకులు రాలినా వాసన గొప్పగా ఉంటే ఒక మూల ఉంచుకోండి. ఒక అంటు ఇంకో బలమైన వేరు మొక్క మీద కట్టి చూడండి, సొంత వేరు మీద నీరసంగా ఉన్నవి అంటు మీద కోలుకోవడం మామూలే. తెగులు మాత్రం అంటుతో పోదు, అది ఆకు గుణం.

ప్రశ్న: నా గులాబీకి నేనే పేరు పెట్టుకోవచ్చా? పేటెంట్ ఉన్న రకాన్ని తల్లిగా వాడితే కేసు పెడతారా?

జవాబు: వాడుకోవచ్చు. మొక్కల రకాల హక్కుల మీద ఉన్న యూపోవ్ అంతర్జాతీయ ఒప్పందంలోనే ఆ వెసులుబాటు ఉంది, రక్షణ ఉన్న రకాన్ని కొత్త రకం పుట్టించడానికి వాడటం తప్పు కాదు. ఆ రకాన్ని అనుమతి లేకుండా అంటు కట్టి అమ్మడం తప్పు. పేరు మీ ఇష్టం, కాకపోతే ఇంతకుముందు ఎవరైనా పెట్టారేమో చూసుకోవాలి. ప్రపంచం మొత్తానికి గులాబీ పేర్ల నమోదు అమెరికన్ రోజ్ సొసైటీ చూస్తుంది. పెద్ద సంస్థలు అమ్మకం పేరుతో పాటు ఒక సంకేత నామం కూడా పెడతాయి, మొదటి మూడు అక్షరాలు సంస్థవి, మెయిలాండ్ వాళ్ళది మెయ్, కోర్డెస్ వాళ్ళది కోర్, ఆస్టిన్‌ది ఆస్ అని మొదలవుతాయి. మీకు అదంతా ఇప్పుడే అవసరం లేదు. పేరు పెట్టే తొందరలో పడకుండా, ఆ మొక్క నుంచి అంటు తీసి ఇద్దరు ముగ్గురు స్నేహితులకి వేర్వేరు నేలల్లో పెంచమని ఇవ్వండి. రెండేళ్ళ తర్వాత వాళ్ళ దగ్గర కూడా మీ దగ్గరిలాగే గుబాళిస్తుంటే అప్పుడు పెట్టుకోండి పేరు.